మే నెలలో కూడా చెరువు ఒడ్డే: హనుమకొండ దగ్గర ఒక కుటుంబానికి ఇల్లు, కలంకారీకి చోటు

ఈ స్థలం కొన్న దంపతులు దాన్ని మొదటిసారి చూసింది దసరా తర్వాత. చెరువు నిండుగా ఉంది, మత్తడి (అలుగు) సన్నగా పారుతోంది. ఇళ్ల డిజైన్లు చేసే మా ఆఫీసుకు వచ్చేనాటికి వాళ్ల ఫోన్ నిండా ఆ ఫొటోలే. ప్లాన్ మీద ఒక్క గీత కూడా గీయకముందే వాళ్లతో ఒక మాట అనుకున్నాం: మే నెలలో అందరం కలిసి మళ్లీ చూద్దాం, పని ఆ తర్వాతే మొదలుపెడదాం. మేలో చూస్తే నీళ్లు అర కిలోమీటరు అవతల ఒక మడుగులో మిగిలాయి. మధ్యంతా బీటలు వారిన ఒండ్రు, దాని మీద మేస్తున్న గేదెలు, పడమటి నుంచి ముఖాన కొడుతున్న వడగాలి.

మన ప్రాంతపు చెరువులు సాగు కోసం కట్టినవి. వానలకు నిండడం, తూముల ద్వారా ఆయకట్టుకు నీళ్లివ్వడం, ఎండాకాలానికి ఒట్టిపోవడం వాటి పని. డిజైన్ పత్రికల్లో వచ్చే నీటి ఒడ్డు ఇళ్లు చాలావరకు ఏడాదంతా దాదాపు ఒకే మట్టంలో ఉండే నీళ్ల పక్కన కట్టినవి. వాటిని ఇక్కడికి తెస్తే ఆరు నెలలు పనికొస్తాయి, మిగతా ఆరు నెలలు ఇల్లంతా అద్దాల వెనక ఎండకు ఉడుకుతుంది. ఈ ప్రాజెక్టులో మేం పెట్టుకున్న నియమం ఒకటే. నీళ్లున్న చెరువుకూ నీళ్లు లేని చెరువుకూ ఇల్లు సరిపడాలి, పనిచేసుకునే గది మాత్రం ఆ రెంటి మీదా ఆధారపడకూడదు.

కుటుంబంలో ఆరుగురు. ఆమెది శ్రీకాళహస్తి, చిన్నప్పటి నుంచి కలంతో బట్ట మీద బొమ్మలు గీసే కలంకారీ పని చేస్తున్నారు. ఆయనది హనుమకొండ, ఒగ్గు కథ, శారద కథ చెప్పేవాళ్ల గొంతులు రికార్డు చేసి ఎడిట్ చేస్తారు. ఆయన తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు. అప్పటిదాకా వాళ్లు ఉన్నది ఊళ్లో అద్దె ఇంటి రెండో అంతస్తులో. బట్ట ఉడకబెట్టిన రోజున మిద్దె మీద పొగ, కింది వాళ్లతో గొడవ. రికార్డింగు రాత్రి పదకొండు తర్వాతే. ఇద్దరి పనీ ఇంట్లోనే సాగాలి, ఇల్లు మాత్రం పనిలో మునిగిపోకూడదు. వాళ్లు మా ముందు పెట్టిన కోరిక ఇది.

రాయి ఎక్కడుంది, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి

2024లో హైదరాబాద్‌లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పటి నుంచి చెరువు పక్కన స్థలం ఉన్న ప్రతివాళ్లూ ముందు అడిగేది బఫర్ గురించే, అంటే చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన మేర గురించే. అది మంచి మార్పు. ఈ స్థలం కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) పరిధిలోది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) హద్దు నుంచి 30 మీటర్ల దాకా ఏమీ కట్టకూడదు. చిన్న చెరువైతే 9 మీటర్లు. మనది పెద్ద చెరువు. స్థలం తూర్పున రోడ్డు నుంచి పడమర ఎఫ్‌టీఎల్ రాళ్ల దాకా రెండు వందల అడుగుల పొడవు, నూటముప్పై అడుగుల వెడల్పు, అంటే 24 గుంటలకు కాస్త తక్కువ. అందులో పడమటి సగం బఫర్‌కే పోయింది. కొనేటప్పుడే ఇరిగేషన్ వాళ్ల ఎఫ్‌టీఎల్ మ్యాపు చూసుకున్నారు కాబట్టి వాళ్లకది కొత్త విషయం కాలేదు. చెరువు నిండితే మునిగే శిఖం పట్టా భూమిని ఇళ్ల స్థలమని నమ్మి కొన్నవాళ్లను చాలామందిని చూశాను. శిఖంలో నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు లేపే హక్కు ఉండదు.

జీవో చెప్పేది ఎక్కడ కట్టకూడదో. ఎంత ఎత్తులో కట్టాలో అందులో దొరకదు. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి అంచు దాకా నిండిన మట్టం. మత్తడి దుంకేటప్పుడు చెరువు అక్కడ ఆగదు. మత్తడి మీద ఎంత మందాన నీళ్లు పోతుంటే చెరువంతా ఆ మేర పైకి లేస్తుంది. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఉమ్మడి వరంగల్ అంతటా చెరువులు ఉప్పొంగిన వారం అది. ఆ వారం ఇక్కడ ఏం జరిగిందో కాగితాల్లో వెతకడం కన్నా చేపలు పట్టే గంగపుత్రుల పెద్దాయన్ని అడగడం మేలనిపించింది. ఆయన బఫర్‌లో ఉన్న వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి కాలితో నేల మీద చూపించాడు: "గీడిదాక వచ్చినయ్ సారూ నీళ్లు. చెట్టు మునగలే, మొదలు తడిసింది."

లెవెల్ పెట్టి చూస్తే వేప మొదలు ఎఫ్‌టీఎల్ రాయి కన్నా రెండడుగుల ఎత్తులో ఉంది. రోడ్డు ఆరడుగుల ఎత్తులో. ఇంటి నేలను రోడ్డుకు మరో అడుగున్నర పైన పెట్టాం. అంటే ఆ వేప మొదలు కన్నా ఐదున్నర అడుగులు పైన. ఇలా చేయడంతో తూర్పున రెండు మూడు మెట్లెక్కి లోపలికి వస్తే, అదే నేల పడమటి అంచుకు చేరేసరికి మట్టికి నాలుగున్నర అడుగుల ఎత్తులో నిలబడుతుంది. పడమటి వరండాకు ఆ ఎత్తు విడిగా ఏం ఖర్చు లేకుండా వచ్చింది. నేల వాలే ఇచ్చింది.

అత్తగారికి వాస్తు పట్టింపు ఉంది. పడమర పల్లం, పడమర నీళ్లు, రెండూ దోషమేనని ఆమె బెంగ. దాన్ని తీసిపారేయకుండా కూర్చుని మాట్లాడాం. వాన నీటి సంపు ఈశాన్యంలోకి వెళ్లింది. నైరుతిలో గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా పెట్టాం. సాయంత్రపు ఎండకు ఎటూ అక్కడ మందపాటి గోడే కావాలి. నేల మట్టం తూర్పు నుంచి పడమరకు ఎక్కడా దిగకుండా ఉండటం ఆమెకు అన్నిటికన్నా నచ్చింది.

నేల

పైన రెండడుగులు సొంత మట్టి కాదు. మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసినప్పుడు పాత రైతు తన చేనుకు తోలించుకున్న ఒండ్రు అది. పైరుకు బంగారం, పునాదికి పనికిరాదు. దాని కింద నాలుగడుగుల నల్లరేగడి, ఆ కింద మొరం. చెరువు పక్కన రేగడి ఏటా ఒకసారి పూర్తిగా నానుతుంది, ఒకసారి పూర్తిగా ఎండుతుంది. ఊరి నడుమ ఉన్న రేగడి కన్నా దీని పొంగూ కుంగూ ఎక్కువ.

మొరంలోకి దిగే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటి మీద ప్లింత్ బీములు పోసి, బీము కింద మూడంగుళాల ఖాళీ వదిలాం. రేగడి ఉబ్బినా బీమును తాకదు. ఆ ఖాళీలో ఇటుక ముక్కలు, మట్టి పడకుండా మేస్త్రీ చేత శుభ్రం చేయించడం ఈ పని మొత్తంలో ఎక్కువ కాపలా అవసరమైన చోటు. నింపేస్తే బాగుంటుందని ప్రతి కూలీకీ అనిపిస్తుంది. నింపితే పైల్స్ వేసిన ఖర్చంతా వృథా. తీసిన ఒండ్రును పారేయలేదు. బఫర్‌లో చెట్లకూ రంగు మొక్కల మడులకూ పరిచాం.

నీళ్ల వైపు చూడని గది

అందరూ వాదించింది దీని గురించే. చెరువు పక్కన స్టూడియో అనగానే పడమటి గోడంతా అద్దం అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నారు. మామగారు కూడా, "నీళ్లు కనబడని గదిలో కూసుండి పనిచేసుడెందుకు, గంత దూరం వచ్చి?" అన్నారు.

గది గురించి మాట్లాడేముందు పని చూడాలి. గాడా (ముతక నూలు) బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును బట్టలో పాకనివ్వదు. కలం అంటే వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నిగానీ పాత గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చి పట్టుకుంటుంది, వేళ్లతో నొక్కిన మేరకు మొనకు దిగుతుంది. నలుపుకు వాడేది కసింకారం: తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టిన ద్రవం. కలం నుంచి దిగేటప్పుడు అది పలచటి గోధుమరంగు నీళ్లే. కరక్కాయ పట్టిన బట్టను తాకిన క్షణం నుంచి నల్లబడటం మొదలవుతుంది. ఎరుపు ఇంకా ఆలస్యం. ముందు పటిక నీళ్లతో గీస్తారు, అది కంటికి దాదాపు ఆనదు. తర్వాత మంజిష్ఠ, సురుడుచెక్క వేసి ఉడికించినప్పుడే ఎరుపు తేలుతుంది.

అంటే ఆమె గీస్తున్నప్పుడు చూసేది రంగును కాదు. పాలమీగడ రంగు బట్ట మీద తడి ఎక్కడిదాకా వెళ్లిందో, ఆ తడి గీత అంచును. ఆ అంచు కనబడాలంటే వెలుగు నిలకడగా ఉండాలి, పక్క నుంచి రావాలి, దానికి రంగు ఉండకూడదు. పడమటి నీళ్ల మీంచి వచ్చే వెలుగులో ఈ మూడూ లేవు. అది అలలతో కదులుతుంది, సాయంత్రానికి పసుపెక్కి ఎర్రబడుతుంది, నవంబరులో ఒకలా మేలో ఒకలా ఉంటుంది.

గుడారం బట్టతో స్థలంలోనే ఒక తాత్కాలిక పందిరి వేసి, ఒక రోజు పడమర తెరిచి, ఒక రోజు ఉత్తరం తెరిచి ఆమెను పని చేయమన్నాం. పడమటి రోజున మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆమే కలం కింద పెట్టేశారు. "గీత ఎక్కడ ఆగిందో నాకు తెలియడం లేదండీ" అన్నారు. ఆ తర్వాత అద్దం గోడ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

స్టూడియో 32 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, తూర్పు పడమరలుగా సాగిన గది. కిటికీలన్నీ ఉత్తరానికే. పడమటి గోడ మూసేశాం. హనుమకొండ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఉత్తరం అన్ని వేళలా నీడ పట్టు కాదు. మే మధ్య నుంచి జూలై చివరిదాకా సూర్యుడు మనకు ఉత్తరంగా నడుస్తాడు. జూన్ 21న తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయించి, మిట్టమధ్యాహ్నం నడినెత్తికి అయిదారు డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా ఉంటాడు. మధ్యాహ్నపు ఎండకు చిన్న సజ్జ చాలు. పొద్దుటి, సాయంత్రపు ఎండ గోడకు ఏటవాలుగా వస్తుంది, దాన్ని సజ్జ ఆపలేదు. అందుకే నాలుగడుగులకొకటి చొప్పున రెండడుగులు ముందుకు పొడుచుకొచ్చే నిలువు ఇటుక గోడలు కట్టాం. ఆ కొలత 25 డిగ్రీల ఎండను కిటికీ అంచు దగ్గరే ఆపేస్తుంది.

కిటికీ ఎత్తు మామూలు లెక్కకు అందదు. ఆమె నేల మీద కూర్చుని పనిచేస్తారు. పనిలో ఉండగా కొలిస్తే కన్ను నేలకు ముప్పై అంగుళాల ఎత్తున, దుప్పటి పరిచిన బల్ల పద్నాలుగు అంగుళాల ఎత్తున ఉన్నాయి. మూడడుగుల ఎత్తులో కిటికీ మొదలైతే వెలుగు ఆమె తలమీదుగా దాటి వెనక నేల మీద పడుతుంది. అందుకని పదిహేను అంగుళాల దగ్గరే అద్దం మొదలుపెట్టాం. కింది భాగం తెరుచుకోదు, గాలికి బట్ట లేవకుండా. పై భాగం తెరుచుకుంటుంది, సన్నటి దోమల జాలీతో. చెరువు పక్కన మొదటి వానకు ఉసిళ్లు దీపం దగ్గరికే వస్తాయి. తడి గీత మీద వాలిన ఒక్క పురుగు పూటంతా గీసిన బొమ్మను పాడుచేస్తుంది.

ఇంట్లో అందరికీ ఎర్ర ఆక్సైడ్ నేల కావాలి. స్టూడియోలో మాత్రం వద్దన్నాం. తెల్లటి బట్ట కింద ఎర్ర గచ్చు ముక్క ఒకటి, తాండూరు బూడిదరంగు బండ ఒకటి పక్కపక్కన పెట్టి చూపించాం. కిటికీ వెలుగు నేలకు తగిలి పైకి లేచి బట్ట అడుగున పడుతుంది. ఎర్ర నేల మీద బట్ట గులాబి ఛాయలోకి పోయింది, కరక్కాయ పువ్వు పసుపు నారింజలా కనిపించింది. ఆమె చూసి తలూపారు. స్టూడియోకు తాండూరు బండ, ఇంటికి ఎర్ర గచ్చు ఖాయమయ్యాయి.

రంగు నీళ్లు

శ్రీకాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి నది మీద ఆధారపడి పెరిగింది. పటిక గీసిన బట్టను పారే నీళ్లలో జాడిస్తేనే అదనపు పటిక తెల్లటి భాగాలకు అంటకుండా కొట్టుకుపోతుంది. ఇక్కడ ముందు నిండుగా నీళ్లున్నాయి కదా, అందులోనే జాడించుకోవచ్చు కదా అని ఊళ్లో కొందరు అన్నారు. ఆమె మొదటి రోజే ఒద్దన్నారు. నేనూ ఒప్పుకునేవాణ్ని కాదు. చెరువు నీళ్లు నిలకడవి, పటికా ఇనుమూ అందులో ఎక్కడికీ పోవు. అదే నీళ్లలో చేప పిల్లలు వదులుతారు, గేదెలు దిగుతాయి.

పెరట్లో ఇరవై అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుతో బండల కాలువ కట్టాం. చిన్న మోటారు నీళ్లను ఒక చివర పోస్తుంది, అవి రెండో చివరకు పారి మళ్లీ తిరిగొస్తాయి. ఆరు గజాల చీర దాదాపు నిలువునా పరుచుకుని కిందికి లాగుతుంది, అంచులు ఇద్దరు పట్టుకుంటే చాలు. మొదటి జాడింపు నీళ్లు తిరిగి రావు, నేరుగా తేర్చే తొట్టిలోకి వెళ్తాయి. రెండో, మూడో జాడింపు నీళ్లే తిరుగుతాయి.

తేర్చే తొట్టిలో సున్నపు తేట కలుపుతారు. నీళ్లలో ఆమ్ల గుణం తగ్గగానే పటికలోని అల్యూమినియం, కసింలోని ఇనుము ముద్దలుగా విడిపోయి అడుగుకు దిగుతాయి. మర్నాటికి పైన తేట, కింద గోధుమరంగు గసి. తేట గులకరాళ్ల మడిలోకి వెళ్తుంది. అందులో మెట్టతామర, తుంగ నాటాం. అది దాటిన నీళ్లు నేరేడు, కానుగ చెట్ల పాదులకు. మడి అడుగున పలక వేశాం, నేలలోకి ఇంకకుండా. ఉడకబెట్టిన రోజున ఆరేడు వందల లీటర్ల దాకా నీళ్లు దిగుతాయి, తొట్టిని ఆ లెక్కకు రెట్టింపు కట్టాం.

ఇంటి మురుగుకూ ఇదే చిక్కు. వానాకాలంలో చెరువు పక్కన భూగర్భ జలం పైకొస్తుంది, ఇంకుడు గుంత ఇంకదు. మామూలుగా తవ్వే గుంత ఆ నాలుగు నెలలూ చెరువుకు మురుగు పంపే గొట్టంలా పనిచేస్తుంది. అందుకని సెప్టిక్ ట్యాంకు రోడ్డు వైపు, దాని తర్వాత నేల మట్టానికి పైన కట్టిన మరో గులకరాళ్ల మడి. స్టూడియో మడికీ దీనికీ సంబంధం లేదు. చెరువు ఒడ్డున కట్టే ప్రతి ఇంటికీ ఈ ఒక్క పని తప్పనిసరి అంటాను. కిటికీలు తర్వాతైనా మార్చుకోవచ్చు.

జాడించడానికి నీళ్లు వాన నుంచే. ఇక్కడ ఏడాదికి సుమారు 900 నుంచి 1000 మిల్లీమీటర్లు పడుతుంది. రెండు కప్పులూ కలిపి దాదాపు 3,200 చదరపు అడుగులు. పోయింది పోగా రెండు లక్షల లీటర్లకు పైనే దొరుకుతుంది. సంపు 40 వేల లీటర్లది, నిండగా మిగిలినవి చెరువుకే. బోరు నీళ్లు వాడకపోవడానికి కారణం ఉంది. ఆ బోరు నీళ్లలో ఇనుము ఉంది, అది మంజిష్ఠ ఎరుపును గోధుమ వైపు లాగేస్తుంది. స్నానాలకు, వంటకు బోరూ మిషన్ భగీరథ నీళ్లూ సరిపోతున్నాయి.

స్టూడియో బడ్జెట్లో పెద్ద వాటా ఈ నీటి పనికే పోయింది. చూడటానికి వచ్చినవాళ్లకు అందులో కాలువ ఒక్కటే కనబడుతుంది.

పెరడు, వరండా

ఉత్తరాన స్టూడియో, దక్షిణాన ఇల్లు, నడుమ ముప్పై అడుగుల పెరడు. బట్ట ఆరబెట్టడానికి ఏడాదంతా ఎండ తగలాలి. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటాడు. పన్నెండడుగుల ఇంటి గోడ నీడ పదకొండడుగుల్లోపే ఆగుతుంది. పెరట్లో మూడింట రెండొంతులు అప్పుడూ ఎండే. ఇంటికి పై అంతస్తు వద్దని పట్టుబట్టింది ఇందుకే. పిల్లలకు మిద్దె మీద గది కావాలన్న మాట ఈ నీడ లెక్క దగ్గరే ఆగిపోయింది.

పాలలో ముంచిన బట్టకు ఈగలు, చీమలు, అన్నిటికన్నా కోతులు వస్తాయి. ఆ ఊళ్లో కోతుల బెడద తెలిసినవాళ్లెవరూ పెరడును తెరిచి వదలరు. పైన ఇనుప తీగ వల బిగించాం. ఉడకబెట్టే రాగి గంగాళాల పొయ్యి స్టూడియో కట్టడానికి ఆగ్నేయ మూలన ఉంది, పైకి పొగగొట్టంతో. అత్తగారు ఆ మూల చూసి, "నిప్పు దాని తావుల అదే కూసున్నది" అని సంతోషించారు.

చెరువును చూడటానికి ఒకే చోటు పెట్టాం. ఇంటి పడమటి వరండా, పదడుగుల లోతు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నీటి మీంచి లేచి వచ్చే ఎండను సజ్జ ఆపదు, అది కింది నుంచి వస్తుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీరు వెనక్కి తిప్పే వెలుగు నూటికి రెండు వంతులే. సూర్యుడు పది డిగ్రీల ఎత్తుకు దిగేసరికి అది మూడో వంతు దాటుతుంది. చెరువు నిండుగా ఉండే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఐదు గంటల వేళ వరండా కప్పు అడుగు భాగం మెరిసిపోతుంది. తెల్ల సీలింగ్ అయితే ఆ మెరుపు లోపలి గదిదాకా వస్తుంది. అందుకని పెంకుల అడుగున సీలింగ్ వేయకుండా ముదురు రంగు టేకు పట్టీలు, పెంకులు అలాగే వదిలాం. అంచున రెండడుగుల ఎత్తు అరుగు కట్టాం, దాని కింద వావిలి పొదల వరస. కూర్చున్నవాళ్ల కళ్లకు తగిలే వెలుగును ఈ రెండూ తగ్గిస్తాయి.

మేలో పని వేరు. నీళ్లు ఉండవు, మెరుపూ ఉండదు, దుమ్మూ వడగాలీ ఉంటాయి. బఫర్‌లో కానుగ, నేరేడు మూడు వరసలు వేశాం. కట్టడం కూడదు గానీ చెట్లు పెంచుకోవచ్చు. అవి ఎదిగేదాకా వరండాకు వట్టివేళ్ల తడికలు. అత్తగారు ఏ కాలమైనా అక్కడే కూర్చుని బియ్యం ఏరుకుంటారు, చెరువుకు వీపు పెట్టి. వెలుగు చేట మీద పడాలి కదా మరి.

చప్పుడు

చల్లటి నీళ్ల మీద గాలి కింద చల్లగా, పైన వేడిగా ఉన్న సాయంత్రాల్లో ధ్వని పైకి చెదిరిపోకుండా కిందికి వంగి నీటి మీదుగా దూరం పోతుంది. అవతలి ఒడ్డున గుడి మైకు ఇంటి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది, పెళ్లిళ్ల సీజన్లో డీజే కూడా. కాబట్టి ఆయన రికార్డింగు గది ఇంటి నడిమధ్యన, బయటి గోడ ఒక్కటి కూడా లేకుండా పెట్టాం. దాని చుట్టూ మూడు వైపుల సామాన్ల గది, పుస్తకాల నడవ, పూర్తయిన బట్టల గది. బట్టలకు వానాకాలపు చెమ్మ తగలకూడదు, అందుకు ఇంటి లోపలి గది కావాలి. చుట్టలుగా పేర్చిన బట్ట చప్పుడును బాగా మింగుతుంది. ఇద్దరి అవసరం ఒక్క గోడ దగ్గర కలిసింది. ప్లాన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

బతుకమ్మ దారి

స్థలం ఉత్తరపు అంచున సన్నటి కాలిబాట ఉంది. రెవెన్యూ నక్షాలో లేదు. సద్దుల బతుకమ్మ నాడు ఆ వాడ ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు దిగేది ఆ బాటనే. కాగితం ప్రకారం కంచె వేసి మూసేయొచ్చు. కుటుంబం ఒద్దనుకుంది. కంచెను పన్నెండడుగులు లోపలికి జరిపి బాటను వదిలేశారు, రెండు వైపులా తంగేడు నాటారు. బాటకు రాళ్లు పరచలేదు, నీళ్ల దగ్గర మెట్లు కట్టలేదు. ఎఫ్‌టీఎల్‌లో మనం చేయకూడని పని అది.

దీని వల్ల స్టూడియో ఉత్తరపు కిటికీలు సరిగ్గా ఆ బాట వైపే తెరుచుకున్నాయి. గోడను బాట నుంచి ఇరవై అడుగులు వెనక్కి పెట్టి, నడుమ చిరివేరు, నీలి మొక్కల మడులు వేశాం. నేల మీద కూర్చున్న మనిషి నడిచిపోయేవాళ్లకు తల వరకే కనబడతారు. మొదటి ఏడాది బతుకమ్మ రాత్రి నలుగురు పిల్లలు కిటికీకి ముఖాలు ఆనించి లోపల ఏం జరుగుతుందో చూశారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఆదివారాలు వచ్చి కలం పట్టుకుంటున్నారు.

ఏడాది వాడకం తర్వాత

పెరడు కోసం పోటీ వచ్చింది. ఫిబ్రవరిలో అత్తగారు మిరపకాయలు ఎండబోస్తే ఆ ఘాటు, ఆ పొడి పాలబట్టకు తగిలింది. పెరడును ఒక బండల వరసతో రెండు చేశాం. తూర్పు ముక్క వంటింటిది, పడమటి ముక్క బట్టది. వడియాల కాలం, బట్ట ఉడికించే రోజులు ఇప్పుడు ఒకే క్యాలెండర్ మీద రాసుకుంటున్నారు.

పిల్లలు వరండా అరుగు మీదే చదువుకుంటున్నారు, వాళ్ల కోసం చేసిన బల్లలు ఖాళీగా ఉన్నాయి. స్టూడియోలో ఆమె పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా దీపం వేయకుండా పనిచేస్తున్నారు. ఆ తర్వాత చేతులు కడుక్కుని వరండాలోకి వస్తారు.

పరిష్కారం ఇంకా దొరకనిది ఒకటుంది, తొట్టి అడుగున మిగిలే గసి. దాన్ని పళ్లాల్లో ఎండబెడితే ఏడాదికి రెండు బస్తాలు తేలింది. ఇనుము, అల్యూమినియం, సున్నం కలిసిన పొడి. మొక్కలకు వేయొద్దని చెప్పాం, చెరువు దరిదాపుల్లో పోయడం ఎటూ కుదరదు. ప్రస్తుతం మూత ఉన్న డ్రమ్ముల్లో రోడ్డు వైపు షెడ్డులో ఉంది. సిమెంటు, ఇసుకతో కలిపి నడక పలకలుగా పోసి చూస్తున్నాం. మొదటి పలకలను నీళ్ల తొట్టిలో నానబెట్టి ఉంచాం, వాటిలోంచి ఇనుము మళ్లీ నీళ్లలోకి దిగుతోందో లేదో ఈ వానాకాలం చివర పరీక్ష చేయించాక మిగతావి పోస్తాం.